వ్యాపార నంబరుపై స్పామ్ ముద్ర పడకుండా: ఏ మార్గం ఎవరికి సరిపోతుంది?

రక్తపరీక్ష ఫలితాలు సిద్ధమయ్యాయని చెప్పడానికి ఒక డయాగ్నస్టిక్ సెంటరు రిసెప్షనిస్టు రోగికి ఫోన్ చేస్తుంది. రోగి ఫోన్ తెర మీద సెంటరు పేరుకు బదులు ఎర్రటి రంగులో స్పామ్ అన్న మాట కనిపిస్తుంది. ఆయన కాల్ కట్ చేస్తాడు. సాయంత్రం కౌంటరు దగ్గరకు వచ్చి, రిపోర్టులు వచ్చిన సంగతి ఎవరూ చెప్పలేదని కోప్పడతాడు. ఇలా నాలుగైదు సార్లు జరిగిన తరువాత యజమాని చేసే మొదటి పని కొత్త సిమ్ కొనడం. ఉన్న మార్గాలన్నింటిలోకీ పనికిరానిది అదే. దాని సంగతి తరువాత చెబుతాను.

కొత్త సిమ్‌ను పక్కన పెడితే, నంబరు పరువు కాపాడుకోవడానికి మన దేశంలో వ్యాపారులకు దొరికే మార్గాలు అరడజను దాకా ఉన్నాయి. మామూలు మొబైల్ నంబరునే జాగ్రత్తగా వాడుకోవచ్చు; ల్యాండ్‌లైన్‌కు గానీ, ఒకేసారి చాలా కాల్స్ నడిచే పీఆర్ఐ లైనుకు గానీ మారవచ్చు; ప్రచారానికి 140తో, సేవా కాల్స్‌కు 1600తో మొదలయ్యే శ్రేణిలో నంబరు తీసుకోవచ్చు; ఫోన్ చేసేవారెవరో చూపించే ట్రూకాలర్ యాప్‌లో డబ్బు కట్టి ధ్రువీకరణ బ్యాడ్జి పెట్టించుకోవచ్చు; లేదా కాల్స్ తగ్గించి సందేశాల వైపు మళ్లవచ్చు. వీటిని అమ్మే ప్రతి సంస్థ ప్రతినిధీ తమ దగ్గర ఉన్న ఒక్కటి కొంటే చాలునని చెబుతాడు. ఎంచుకునే ముందు తెలుసుకోవలసింది ఏమిటంటే, మీ నంబరుపై ముద్ర వేసేవారు ఒక్కరు కాదు, ముగ్గురు. ఒకరు వేసిన ముద్రను మరొకరి దగ్గర చెరిపించుకోవడం కుదరదు.

ముద్ర వేసే ముగ్గురు

మొదటివారు ఫోన్ అందుకునే జనం. 2009లో స్టాక్‌హోంలో మొదలైన ట్రూకాలర్‌కు భారతదేశమే అతిపెద్ద మార్కెట్. ఈ యాప్ ఉన్నవారు ఒక నంబరును బ్లాక్ చేసినా, స్పామ్ అని గుర్తు పెట్టినా ఆ ఫిర్యాదు మిగిలిన వాడుకరుల తెరల మీదకు కూడా వెళుతుంది. ఇక్కడ తీర్పు పూర్తిగా మనుషుల చిరాకు మీద ఆధారపడి ఉంటుంది. మీరు చట్టప్రకారం అన్ని అనుమతులూ తీసుకున్నా, మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తున్న మనిషికి వరుసగా మూడు సార్లు ఫోన్ చేస్తే ఆయన వేలు నేరుగా స్పామ్ బటన్ మీదకే పోతుంది.

రెండవది ఆపరేటరు నెట్‌వర్క్‌లోని యంత్రం. ఎయిర్‌టెల్ 2024 సెప్టెంబరులో కృత్రిమ మేధతో నడిచే స్పామ్ గుర్తింపు వ్యవస్థను తన నెట్‌వర్క్‌లో పెట్టి, అనుమానం కలిగిన కాల్స్‌ను ఆ మేరకు సూచిస్తూ చూపించడం మొదలుపెట్టింది; 2025 ఏప్రిల్‌లో ఆ హెచ్చరికలను తెలుగుతో సహా పది భారతీయ భాషలలోకి తెచ్చింది. దీనికి ఎవరూ ఫిర్యాదు చేయనక్కరలేదు. ఫోన్ చేసేవారి వాడకం తీరు, ఎంత తరచుగా కాల్స్ వెళుతున్నాయి, ఒక్కొక్క కాల్ ఎంతసేపు సాగుతోంది వంటి సంకేతాలను చూసి అది నిర్ణయానికి వస్తుందని ఆ సంస్థ చెప్పింది. అంటే మీరు ఫోన్‌లో ఎంత మర్యాదగా మాట్లాడారన్నది ఈ యంత్రానికి పట్టదు. ఉదయం పది నుంచి పన్నెండు లోపల ఒకే నంబరు నుంచి రెండు వందల మందికి ఫోన్లు వెళ్లి, అందులో ఎక్కువ భాగం పది సెకన్లకే తెగిపోతే, అవి రక్తపరీక్ష ఫలితాల గురించినవైనా, ఫ్లాట్ల అమ్మకం గురించినవైనా యంత్రం దృష్టిలో ఒకే తీరు.

మూడవది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. వాణిజ్య సమాచారంపై 2018లో వచ్చిన నిబంధనలను ట్రాయ్ 2025 ఫిబ్రవరి 12న గట్టిగా సవరించింది. నమోదు కాని నంబరు నుంచి వచ్చిన ప్రచార కాల్‌పై ఫిర్యాదు చేయడానికి వినియోగదారుకు అంతకుముందు మూడు రోజుల గడువు ఉండేది. అది ఏడు రోజులైంది. ఫిర్యాదుదారు ముందుగా డీఎన్‌డీలో (ప్రచార కాల్స్ వద్దన్నవారి జాబితాలో) నమోదై ఉండాలన్న షరతు కూడా లేకుండా పోయింది. పాత లెక్కలో ఏడు రోజులలో పది ఫిర్యాదులు వస్తే చర్య మొదలయ్యేది. ఇప్పుడు పది రోజులలో ఐదు ఫిర్యాదులు చాలు. తొలిసారి తప్పు రుజువైతే ఆ సంస్థకు ఉన్న టెలిఫోన్ వనరులన్నింటి నుంచీ 15 రోజుల పాటు బయటికి కాల్స్ వెళ్లవు. మళ్లీ అదే జరిగితే పీఆర్ఐ, సిప్ (ఇంటర్నెట్ మీద నడిచే) లైన్లతో సహా అన్నీ ఏడాది పాటు తెగిపోతాయి, సంస్థ పేరు అన్ని ఆపరేటర్ల దగ్గరా నల్లజాబితాకు ఎక్కుతుంది. మొదటి ఇద్దరూ వేసేది ముద్ర మాత్రమే. ఈ మూడవది గొంతు నొక్కేస్తుంది. ఇది కాగితం మీది బెదిరింపు కాదనడానికి, నమోదు లేకుండా ప్రచార కాల్స్ చేసేవారి లైన్లు తెంచమని ట్రాయ్ 2024 ఆగస్టులో ఇచ్చిన ఆదేశమే సాక్ష్యం: ఆ ఆదేశం వచ్చిన కొద్ది వారాలలోనే 2.75 లక్షలకు పైగా టెలిఫోన్ వనరులను ఆపరేటర్లు తెంచేశారు, 50కి పైగా సంస్థలను నల్లజాబితాలో పెట్టారు.

ట్రూకాలర్ బ్యాడ్జి కొన్న వ్యాపారి ఎయిర్‌టెల్ హెచ్చరిక పోలేదని వాపోవడం, 140 నంబరు తీసుకున్న వ్యాపారి ట్రూకాలర్‌లో ఎరుపు రంగు ఎందుకు వచ్చిందని ఆశ్చర్యపోవడం, ఈ ముగ్గురినీ ఒక్కరుగా అనుకోవడం వల్లనే.

ముందు కాల్ ఏ జాతిదో తేల్చుకోవాలి

నంబరును ఎంచుకునే ముందు మీ సిబ్బంది ఒక వారంలో చేసిన కాల్స్ జాబితాను ముందు పెట్టుకుని, ఒక్కొక్కటి ఎందుకు చేశారో పక్కన రాయించండి. కొనుగోలుదారు అడిగినందువల్ల, లేదా ఆయన జరిపిన లావాదేవీ వల్ల చేసిన కాల్ ఒక రకం. ఉన్న ఖాతాదారుకు అందవలసిన సేవ గురించి చేసిన కాల్ ఇంకొక రకం. కొనమని అడగడానికి చేసిన కాల్ మూడవ రకం. నిబంధనల ప్రకారం మొదటి రెండింటిలో ప్రచారం ఒక్క ముక్క కలిసినా ఆ కాల్ మూడవ రకం కిందికే వస్తుంది. రిపోర్టు సిద్ధమైందని చెప్పి, ఆ నోటితోనే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీపై తగ్గింపు ఉందని చెప్పే అలవాటు మన ఆసుపత్రులలో, ల్యాబులలో చాలా చోట్ల ఉంది. ఆ ఒక్క వాక్యం వల్ల వచ్చే ఆదాయం ఎంతో నాకు తెలియదు గానీ, నంబరు చెడిపోవడానికి నేను చూసినంతలో తరచుగా కనబడే కారణం అదే.

సమ్మతి గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్లాటు ధర ఎంతో తెలుసుకోవడానికి ఒక మనిషి తన నంబరు ఇచ్చాడంటే, ఆ నంబరు ఎప్పటికీ మన సొత్తు అని మన రియల్ ఎస్టేట్ కార్యాలయాలలో గట్టి నమ్మకం. ఒక లావాదేవీ పూర్తి కావడం కోసం ఇచ్చిన సమ్మతి ఏడు రోజులకు మించి చెల్లదని 2025 సవరణ స్పష్టంగా చెప్పింది. వద్దని తప్పుకున్న మనిషిని తిరిగి సమ్మతి అడగడానికి 90 రోజులు ఆగాలి. రెండేళ్ల క్రితం ప్రాపర్టీ ఎక్స్‌పోలో సేకరించిన ఎక్సెల్ షీటును ఇంకా తిరగేస్తున్న టెలికాలర్లకు ఈ రెండు అంకెలు గోడ మీద రాసి పెట్టాలి.

మామూలు మొబైల్ నంబరు

చిన్న దుకాణాలకు సహజంగా ఉండేది ఇదే. ఖర్చు లేదు, కస్టమర్ల ఫోన్లలో ఇప్పటికే సేవ్ అయి ఉంటుంది, వాట్సాప్ కూడా దీని మీదే నడుస్తుంది. నియమాన్ని అక్షరాలా చదివితే వాణిజ్య కాల్స్‌కు మామూలు పది అంకెల నంబరు వాడకూడదు. ప్రచారానికి 140 శ్రేణి, సేవకు, లావాదేవీలకు 1600 శ్రేణి అని విభజన. ఆచరణలో మాత్రం, జాకెట్టు కుట్టడం అయిందని దర్జీ చేసే కాల్ మీద ఎవరూ స్పామ్ ఫిర్యాదుల నంబరు 1909కు ఫిర్యాదు చేయరు. అడిగిన మనిషికే ఫోన్ చేస్తూ, రోజుకు ఇరవై ముప్పై కాల్స్ దాటని కిరాణా, టైలరింగ్, వాహన మరమ్మతు, ట్యూషన్ వంటి వ్యాపారాలు వేరే మార్గం కోసం వెతకడం అనవసరమని నా అభిప్రాయం.

అయితే ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో ఒకసారి చూసుకోవాలి. ఫోన్ చేసేవారి పేరు అందుకునేవారి తెరపై చూపే సీనాప్ సదుపాయాన్ని ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది, ఆపరేటర్లు దాన్ని దశలవారీగా ప్రవేశపెట్టే పనిలో ఉన్నారు. అందులో కనిపించేది సిమ్ తీసుకున్నప్పుడు దరఖాస్తులో రాసిన పేరు. దుకాణం నంబరును బావమరిది ఆధార్ మీద తీసుకుని ఉంటే కస్టమరుకు బావమరిది పేరే కనిపిస్తుంది, అపరిచితుడనుకుని కాల్ ఎత్తరు. వ్యాపార కనెక్షన్లు తీసుకున్నవారికి తమ ట్రేడ్‌మార్కు పేరునో, జీఎస్టీలో నమోదైన వ్యాపార నామాన్నో చూపించుకునే అవకాశం ఇవ్వాలని కూడా ఆ సిఫారసులలో ఉంది. కాబట్టి కొత్త కనెక్షన్ తీసుకుంటే సంస్థ పేరు మీదనే తీసుకోవాలి, పాతదాన్ని ఆ పేరుకు మార్పించుకోవాలి. ఉద్యోగి పేరు మీద ఉన్న సిమ్ అతను ఉద్యోగం మానేసిన రోజున అతనితో పాటు వెళ్లిపోతుందన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక చౌకైన ఉపాయం ఉంది, దీన్ని ఎవరూ అమ్మరు కాబట్టి ఎవరూ చెప్పరు. కస్టమరు ఫోన్‌లో సేవ్ అయి ఉన్న నంబరు నుంచి కాల్ వస్తే సాధారణంగా ఆయన పెట్టుకున్న పేరే కనిపిస్తుంది. బిల్లు మీద, కౌంటరు దగ్గర ఒక క్యూఆర్ కోడ్ పెట్టి, స్కాన్ చేస్తే మీ నంబరు పేరుతో సహా కాంటాక్టుగా చేరేలా ఏర్పాటు చేసుకుంటే, వందలో నలభై మంది చేసినా ఆ నలభై మందికి మీరు అపరిచితులు కారు.

ల్యాండ్‌లైన్, పీఆర్ఐ, క్లౌడ్ టెలిఫోనీ

040తో గానీ, 0866, 0891, 0870 వంటి కోడ్‌లతో గానీ మొదలయ్యే నంబరును చూస్తే అది ఫలానా ఊళ్లో ఒక కార్యాలయానిదని మనవారికి ఇప్పటికీ ఒక నమ్మకం. ఆసుపత్రులు, పాఠశాలలు, హోల్‌సేల్ దుకాణాలు, ట్రావెల్స్ కార్యాలయాలు ఈ నమ్మకాన్ని వాడుకోవడం తెలివైన పని. రోజుకు వంద దాకా సేవా కాల్స్ వెళ్లే సంస్థకు నేను మొదట సూచించేది ఇదే. ఒక పీఆర్ఐ లైను మీద ఒకేసారి 30 సంభాషణలు నడుస్తాయి, అన్నీ ఒకే ప్రధాన (పైలట్) నంబరు పేరుతో బయటికి వెళతాయి. కస్టమరు తిరిగి ఫోన్ చేస్తే అదే నంబరుకు మోగి, ఫలానా పనికి ఫలానా అంకె నొక్కమని చెప్పే ఐవీఆర్ ద్వారా సరైన మనిషికి చేరుతుంది.

తిరిగి వచ్చే ఫోన్ ఎత్తడం అన్నది చూడడానికి చిన్న విషయంలా ఉన్నా, ఇక్కడ దాని విలువ చాలా పెద్దది. కాల్స్ బయటికే వెళుతూ, లోపలికి ఒక్కటీ రాని నంబరు, వచ్చినా ఎవరూ ఎత్తని నంబరు ఎవరికైనా టెలిమార్కెటర్‌లాగే కనిపిస్తుంది. మిస్డ్ కాల్ చూసి తిరిగి చేసిన మనిషికి అవతల ఎవరో తెలియకపోతే, ఆయన చేసే తరువాతి పని ఆ నంబరును యాప్‌లో వెతకడం, అక్కడ కనిపించిన బటన్ నొక్కడం.

ఇంటర్నెట్ ద్వారా ఫోన్ లైన్లు అమ్మే క్లౌడ్ టెలిఫోనీ సంస్థల దగ్గర కొనేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: నాకు ఇచ్చే నంబరు నాకు మాత్రమేనా, లేక మీ ఖాతాదారులందరూ పంచుకునే నంబర్ల గుంపులోనిదా? చౌక ప్యాకేజీలలో రెండవదే ఎక్కువ. అటువంటప్పుడు ఉదయం ఒక లోన్ ఏజెన్సీ చెడగొట్టిన నంబరు నుంచే మధ్యాహ్నం మీ ఆసుపత్రి కాల్ వెళుతుంది. నెలకు కొన్ని వందలు ఎక్కువైనా సొంత నంబరే తీసుకోవాలి, అది వ్రాతపూర్వకంగా ఒప్పందంలో ఉండాలి.

ల్యాండ్‌లైన్ ప్రచారానికి మాత్రం ఆశ్రయం కాదు. 2024 ఆగస్టు ఆదేశం గురిపెట్టింది సిప్, పీఆర్ఐ లైన్ల మీద నమోదు లేకుండా ప్రచార కాల్స్ చేసేవారినే.

140 శ్రేణి

కొనమని అడగడమే కాల్ ఉద్దేశమైతే చట్టబద్ధమైన దారి ఇదొక్కటే. వాణిజ్య కాల్స్, సందేశాలు పంపేవారిని నమోదు చేసే ఆపరేటర్ల డీఎల్‌టీ వేదికలలో ఏదో ఒకదానిలో సంస్థను నమోదు చేయించి, నమోదైన టెలిమార్కెటర్ ద్వారా ఈ శ్రేణి నంబర్ల నుంచి కాల్స్ చేయాలి. 2024 సెప్టెంబరు చివరికల్లా ఈ శ్రేణి కాల్స్‌ను డీఎల్‌టీ వేదికకు మార్చాలని ట్రాయ్ ఆదేశించింది. అందువల్ల వద్దని నమోదు చేసుకున్నవారి నంబర్లు జాబితా నుంచి ముందే వడపోతకు గురవుతాయి. ఫిర్యాదు చేసే అవకాశం ఎక్కువగా ఉన్నవారే జాబితాలో లేకుండా పోవడం ఈ మార్గం చేసే అసలు మేలు.

దీని లోపం అందరికీ తెలిసినదే. 140 అని కనబడగానే అది ప్రకటన అని జనం గుర్తుపట్టి ఎత్తరు. ఈ కారణం చెప్పి చాలామంది వెంచర్ల వారు, కోచింగ్ సెంటర్ల వారు ఈ శ్రేణిని తప్పించుకుని పదిమంది టెలికాలర్లకు పది సిమ్‌లు ఇస్తారు. నా ఉద్దేశంలో లెక్క తిరగబడి ఉంది. మామూలు నంబరు నుంచి వెళ్లిన కాల్‌ను ఎత్తేవారు ఎక్కువే కావచ్చు, కానీ ప్రకటన అని తెలిశాక వారిలో ఎక్కువమంది పెట్టేసేవారే, కొందరు ఫిర్యాదు చేసేవారు. 140 అని తెలిసి కూడా ఎత్తిన మనిషికి కనీసం వినే ఓపిక ఉంది. పైగా పది రోజులలో ఐదు ఫిర్యాదులన్న గీత ఎంత దగ్గరలో ఉందో చూడండి: రోజుకు మూడు వందల మందికి ఫోన్ చేసే టెలికాలర్‌కు అది రెండు పూటల పని.

1600 శ్రేణి

టెలికాం శాఖ 2024లో సేవా కాల్స్‌కు, లావాదేవీ కాల్స్‌కు ప్రత్యేకంగా కేటాయించిన శ్రేణి ఇది. ఇందులో కాల్ వస్తే అది ప్రకటన కాదని వినియోగదారుకు ముందే తెలియాలన్నది ఉద్దేశం. బ్యాంకుల పేరుతో జరిగే మోసాలను అడ్డుకోవడానికే ముఖ్యంగా తెచ్చారు కాబట్టి, కేటాయింపు ప్రభుత్వ సంస్థలతోను, ఆర్థిక రంగ నియంత్రణ సంస్థలైన రిజర్వ్ బ్యాంకు, సెబీ, ఐఆర్‌డీఏఐ (బీమా), పీఎఫ్‌ఆర్‌డీఏ (పెన్షన్) పరిధిలోని సంస్థలతోను మొదలైంది. వాణిజ్య బ్యాంకులు 2026 జనవరి 1 నాటికి ఈ శ్రేణికి మారాలని ట్రాయ్ గడువు పెట్టింది. ఇతర ఆర్థిక సంస్థలకు ఆ తరువాతి నెలలలో విడివిడి గడువులు ఇచ్చింది.

బంగారు రుణాల ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకేతర ఆర్థిక సంస్థ), సహకార బ్యాంకు, సెబీ క్వాలిఫైడ్‌గా గుర్తించిన పెద్ద బ్రోకరేజీ సంస్థ నడిపేవారికి ఇది ఎంపిక కాదు, విధి. ఇక చిట్‌ఫండ్ కంపెనీల సంగతి వేరు. వాటిని 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వాలే పర్యవేక్షిస్తాయి కాబట్టి, డబ్బు వ్యవహారమే అయినా ఈ శ్రేణికి తాము అర్హులమన్న ధీమా వారు పెట్టుకోకూడదు. ఆపరేటరు కార్పొరేట్ విభాగాన్ని అడిగి తేల్చుకోవాలి, అంతవరకు సొంత పీఆర్ఐ లైనుతో, ముందస్తు ఎస్ఎంఎస్‌తో నడుపుకోవాలి. డయాగ్నస్టిక్ సెంటరుకు, పాఠశాలకు కూడా ఇదే సలహా వర్తిస్తుంది.

ఇందులో దొరికే నంబరును ప్రచారానికి వాడితే మొత్తం శ్రేణికే ఉన్న మంచి పేరును వాడుకుని మోసం చేసినట్టవుతుంది, చర్యలూ ఆ స్థాయిలోనే ఉంటాయని అనుకోవాలి. పాలసీ రెన్యూవల్ గుర్తు చేసే కాల్‌లో కొత్త పాలసీ గురించి ఎత్తకూడదని సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పి ఉంచడం మంచిది.

డబ్బు కట్టి తెచ్చుకునే బ్యాడ్జి

ట్రూకాలర్ వ్యాపార పథకంలో చేరితే, మీ నంబరు నుంచి కాల్ వెళ్లినప్పుడు పేరు, లోగో, ధ్రువీకరణ గుర్తు ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి. డెలివరీ సంస్థలకు, ఇంటికి వచ్చి మరమ్మతులు చేసేవారికి, ఆసుపత్రులకు ఇది నిజంగా ఉపయోగం. ఎందుకంటే వారి కాల్‌ను ఎత్తాలని కస్టమరుకు కూడా ఉంటుంది, ఎవరు చేస్తున్నారో తెలియకనే ఎత్తడు. ఎత్తాలని లేని మనిషికి బ్యాడ్జి చూపిస్తే, ఎవరి కాల్ ఎత్తకూడదో ఆయనకు మరింత స్పష్టంగా తెలుస్తుంది, అంతే.

పరిమితులు కూడా చూసుకోవాలి. యాప్ లేనివారికి బ్యాడ్జి కనిపించదు. ఆపరేటరు హెచ్చరిక మీద దీని ప్రభావం లేదు. ట్రాయ్ ఫిర్యాదుల నుంచి ఇది రక్షణ కాదు. కాబట్టి కాల్స్ తీరు మార్చుకున్న తరువాత, చివరి మెరుగుగా దీనికి ఖర్చు పెట్టాలి గాని, మొదటి చికిత్సగా కాదు. డబ్బు కట్టకముందే ఉచితంగా చేయగలిగింది ఒకటుంది: మీ నంబరును ఆ యాప్‌లో వెతికి, జనం దాన్ని ఏ పేరుతో సేవ్ చేసుకున్నారో చూడండి. లోన్ రికవరీ అనో, ప్లాట్స్ విసిగిస్తాడు అనో కనిపిస్తే మీ టెలికాలర్లు నెలవారీ నివేదికలో రాయని విషయం మీకు అర్థమవుతుంది.

కాల్‌కు బదులు సందేశం, లేదా కాల్‌కు ముందు సందేశం

డీఎల్‌టీలో నమోదైన హెడరుతో (సందేశం పైన కనిపించే పంపినవారి పేరుతో) ఎస్ఎంఎస్ పంపే సంస్థలు కాల్స్‌ను సగానికి సగం తగ్గించుకోగలవని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పుడు హెడరు చివర పీ, ఎస్, టీ, జీ అనే అక్షరాలలో ఒకటి ఉండడం వల్ల అది ప్రచారమో, సేవో, లావాదేవీయో, ప్రభుత్వ సందేశమో చదివేవారికి తెలుస్తుంది. సందేశంలో పెట్టే లింకులను ముందే ఆమోదింపజేసుకోవాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఆమోదం లేని లింకులున్న సందేశాలు ఆగిపోతున్నాయి. రిపోర్టు సిద్ధమైందన్న సమాచారానికి నిజానికి కాల్ అక్కరలేదు. తప్పనిసరిగా మాట్లాడవలసి వస్తే, ఫలానా నంబరు నుంచి కొద్దిసేపట్లో ఫోన్ చేస్తామని ముందు ఒక సందేశం పంపితే ఆ కాల్ ఎత్తేవారి సంఖ్య పెరగడం మీ లెక్కలలో మీరే చూసుకోవచ్చు.

వాట్సాప్‌కు ట్రాయ్ వాణిజ్య సమాచార నిబంధనలు వర్తించవు గనుక అది స్వేచ్ఛా మైదానమని భ్రమపడేవారున్నారు. అక్కడ దాని యజమాని మెటా సంస్థ సొంత తీర్పు నడుస్తుంది: బ్లాక్‌లు పెరిగితే నంబరు నాణ్యతా సూచిక పడిపోతుంది, ఆపైన సందేశాలకు ఆంక్షలు వస్తాయి. దుకాణం ప్రధాన నంబరునే సామూహిక సందేశాలకు వాడి, అది నిషేధానికి గురైతే రోజువారీ ఆర్డర్లు కూడా ఆగిపోతాయి.

1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబరు గురించి రెండు మాటలు. దాని పని కాల్స్ అందుకోవడం వరకే. బయటికి చేసే కాల్స్ సమస్యకు అది పరిష్కారం కాదు. బిల్లుల మీద, సందేశాలలో ముద్రించుకోవడానికి మంచిది.

కొత్త సిమ్ ఎందుకు వద్దు

వాడకం ఆగిపోయిన మొబైల్ నంబరును 90 రోజుల తరువాత మరొకరికి ఇవ్వవచ్చు. మీరు కొత్తదనుకుని తెచ్చుకున్న నంబరు అంతకుముందు ఒక లోన్ ఏజెంటుదైతే, ట్రూకాలర్‌లో ఆ ముద్ర అలాగే ఉండే అవకాశం ఉంది. నిజంగా కొత్తదే అయినా, చరిత్ర లేని నంబరు నుంచి మొదటి రోజే వంద కాల్స్ వెళ్లడం కన్నా యంత్రానికి అనుమానం కలిగించే తీరు మరొకటి ఉండదు. నిబంధనల ప్రకారం చర్య నంబరు మీద కాక సంస్థ వనరులన్నింటి మీద ఉంటుంది కాబట్టి, సిమ్ మారినా లాభం లేదు. ఒక వ్యక్తి పేరు మీద గరిష్ఠంగా తొమ్మిది సిమ్‌లే ఉండవచ్చు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఆ పరిమితి దాటినందుకు తొలిసారి 50 వేల రూపాయల వరకు, ఆపైన 2 లక్షల వరకు జరిమానా పెట్టింది. ఉద్యోగుల ఆధార్‌లు అడిగి సిమ్‌లు పోగేసే పద్ధతి వారిని కూడా ఇరికిస్తుంది.

అమెరికాలో దుకాణాలు, ట్యాక్స్ కార్యాలయాలు నడుపుతున్న మన వారికి ఈ శ్రేణుల గొడవ లేదు, అక్కడి పద్ధతి వేరు. అక్కడ కాల్ ఎవరిదో ఆపరేటరే సంతకం చేసి ధ్రువీకరించే స్టిర్/షేకెన్ విధానం 2021 జూన్ చివరి నుంచి పెద్ద ఆపరేటర్లకు తప్పనిసరి అయింది. ముద్రలు వేసేది ముఖ్యంగా హియా, ఫస్ట్ ఓరియన్, టీఎన్‌ఎస్ అనే మూడు విశ్లేషణ సంస్థలు, వాటన్నింటికీ ఫ్రీ కాలర్ రిజిస్ట్రీ ద్వారా ఒకేసారి ఉచితంగా వివరాలు ఇచ్చుకోవచ్చు. ఇండియా నంబర్లకు ఆ నమోదు ఉపయోగపడదు.

ఎవరికి ఏది

రియల్ ఎస్టేట్, కోచింగ్, ఇంటీరియర్స్ వంటి అమ్మకపు కాల్స్ మీద బతికే వ్యాపారమైతే రెండు నంబర్లు పూర్తిగా విడదీయాలి: కొత్తవారిని అడగడానికి 140, డబ్బు కట్టిన ఖాతాదారులతో మాట్లాడడానికి సొంత ల్యాండ్‌లైన్. రెండింటినీ ఒకే టెలికాలర్ చేతిలో పెట్టకూడదు, నెల చివరి టార్గెట్ ఒత్తిడిలో అతను ఏ నంబరు చేతికి దొరికితే దాన్ని వాడతాడు. ఆసుపత్రికి, ల్యాబుకు, పాఠశాలకు సందేశం ముందు, ల్యాండ్‌లైన్ తరువాత, స్తోమత ఉంటే బ్యాడ్జి. ఆర్థిక సంస్థకు 1600. డెలివరీకి, ఇంటి మరమ్మతులకు బ్యాడ్జి మీద పెట్టే ఖర్చు తొందరగా తిరిగి వస్తుంది. మిగిలిన చిన్న దుకాణాలకు ఉన్న మొబైల్ నంబరే చాలు, సంస్థ పేరు మీద ఉంటే చాలు.

ఏ మార్గంలో ఉన్నా సిబ్బంది పాటించవలసిన పద్ధతి ఒకటే. ఒకే మనిషికి రోజుకు రెండు సార్ల కన్నా ఎక్కువ ఫోన్ చేయకూడదు; రెండు రింగులకే పెట్టేయకూడదు; వద్దని చెప్పిన మనిషి నంబరు అప్పటికప్పుడే జాబితా నుంచి పోవాలి; కాల్స్‌ను గంటకొకసారి గుంపుగా కాక రోజంతా పరచి చేయాలి. ఆటో డయలర్‌తోనో, ముందే రికార్డు చేసిన గొంతుతోనో కాల్స్ చేయదలచుకుంటే ఆ సంగతి ముందుగా ఆపరేటరుకు తెలియజేయాలి.

ఇప్పటికే ముద్ర పడి ఉంటే

ముందుగా ఏ ముద్ర ఎవరిదో తెలుసుకోవాలి. ఎయిర్‌టెల్, జియో, వీఐ సిమ్‌లు ఉన్న మూడు ఫోన్లకు, వాటిలో ఒకదానిలో ట్రూకాలర్ ఉండేలా, మీ నంబరు నుంచి కాల్ చేసి తెరల ఫొటోలు తీయండి. యాప్‌లో మాత్రమే కనిపిస్తే ఆ యాప్ వారికి వివరాలు పంపి సవరణ కోరాలి. ఒక ఆపరేటరు సిమ్‌లో మాత్రమే కనిపిస్తే ఆ ఆపరేటరుకే, మీరు వారి ఖాతాదారు కాకపోయినా, జీఎస్టీ పత్రంతో, కాల్స్ ఉద్దేశాన్ని వివరిస్తూ రాయాలి. ట్రాయ్ ఫిర్యాదు నోటీసు వస్తే తేదీలతో కూడిన సమ్మతి రికార్డులు ఒక్కటే అక్కరకు వస్తాయి; నోటి మాట మీద ఇచ్చిన సమ్మతిని రుజువు చేయడానికి దారి లేదు.

ఈ సవరణల తరువాత కొన్ని వారాలు ఆ నంబరు నుంచి బయటికి వెళ్లే కాల్స్‌ను బాగా తగ్గించి, వచ్చే కాల్స్‌ను మాత్రం ఒక్కటీ వదలకుండా ఎత్తాలి. ఆ తరువాత అదే మూడు ఫోన్లతో మళ్లీ పరీక్షించాలి. అప్పటికీ ఎరుపే కనిపిస్తే, ఆ నంబరును ఇన్‌కమింగ్‌కు మాత్రమే ఉంచుకుని, సంస్థ పేరు మీద తీసుకున్న ల్యాండ్‌లైన్‌కు మారడం మేలు. మారే ముందు ఆ కొత్త నంబరును కూడా ట్రూకాలర్‌లో ఒకసారి వెతికి చూసి, మచ్చ కనిపిస్తే వేరే నంబరు ఇవ్వమని సంతకం చేయకముందే అడగాలి.